మన చేని పత్తి మన ఒంటికి

గుంటూరు, ప్రకాశం ప్రాంతాల అమ్మాయిలూ అబ్బాయిలూ,

2022లో జిల్లాలు విడిపోయాక మీలో కొందరు పల్నాడు వారయ్యారు, కొందరు బాపట్ల వారయ్యారు. నా దృష్టిలో మీరంతా ఒకే నేల పిల్లలు. పడమట నల్లరేగడి, దాని నిండా పత్తీ మిరపా. తూర్పున సముద్రం ఇసుక, దాని అంచున చీరాల, వేటపాలెం, ఈపూరుపాలెం, జాండ్రపేట మగ్గాలు. చిలకలూరిపేటలో పొద్దున బస్సెక్కితే ఎండ ముదరకముందే చీరాలలో దిగుతాం. ఆ కాస్త దూరాన్ని మన పత్తి నేరుగా దాటిరాలేకపోతోంది. అది దాటేలా చేయగల వయసూ చదువూ మీకున్నాయి కనుక ఈ ఉత్తరం.

నేను వేటపాలెంలో మగ్గం ఉన్న ఇంట పుట్టాను. ఆ తర్వాత బడిలో పాఠాలు చెప్పి, ఇప్పుడు పెన్షన్ మీద ఉన్నాను. మా ఇంట ఆసు పోసేది అమ్మ, కండెలు చుట్టేది పిల్లలం, గుంటలో కాళ్లు పెట్టుకుని నేసేది నాన్న. నూలు కట్టల మీద అంటించిన మిల్లు చీటీలే నేను కూడబలుక్కుని చదివిన మొదటి అక్షరాలు. ఆ మిల్లులు ఎక్కువగా కోయంబత్తూరు వైపువి. చుట్టూ పత్తి పండే సీమ. మా ఇంట్లోకి మాత్రం నూలు తమిళదేశం నుంచి వచ్చేది.

ఇప్పటికీ అంతే. మన రైతు అమ్మిన పత్తి జిన్నింగ్ మిల్లుకు పోతుంది. అక్కడ గింజ వేరుచేసి, దూదిని 170 కిలోల బేలుగా బిగించి కడతారు. చిలకలూరిపేట, గణపవరం, గుంటూరు చుట్టూ స్పిన్నింగ్ మిల్లులకు కొదవ లేదు. కానీ వాటి నూలు ఎక్కువగా కోన్లకు చుట్టుకుని మరమగ్గాలకూ, బనియన్ల కంపెనీలకూ, పై దేశాలకూ వెళ్తుంది. చేనేతకు కావలసింది చిలప నూలు, అంటే కోనుకు చుట్టకుండా కట్టలుగా కట్టిన నూలు. మిల్లులు తమ నూలులో కొంత వాటా చిలపలుగా కట్టి తీరాలని నిబంధన ఉంది. 40 శాతంగా ఉన్న ఆ వాటాను 2019లో 30కి తగ్గించారు.

బేలు సంగతి కొంచెం ఆగి చూడండి. దూదిని అలా అణిచి కట్టడం ఓడల కోసం వచ్చిన పద్ధతి. సముద్రాలు దాటి ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులకు పోవాల్సిన సరుకు ఓడలో తక్కువ చోటు పట్టాలి. పక్క ఊరి మగ్గానికి పోయే దూదిని కూడా అలాగే అణిచి, మళ్లీ విప్పడానికి పెద్ద యంత్రాలు పెట్టి, మధ్యలో పోగు సత్తువను పోగొట్టుకోవడం దేనికని హైదరాబాదు నుంచి పనిచేసిన ఉజ్రమ్మ గారు అడిగారు. ఆ ప్రశ్నలోంచి మల్ఖా పుట్టింది. బేలు కట్టకుండా, గింజ తీసిన మెత్తని దూదినే చిన్న యూనిట్లలో ఏకి, వడికి, మగ్గానికి అందించే ఏర్పాటు అది. తెలంగాణలో దాన్ని చేసి చూపించారు. ఆ బట్ట ఒంటి మీద వేసుకున్నవారికి తేడా చెప్పక్కర్లేదు, చెమటను ఇట్టే పీల్చుకుంటుంది. మన మే నెల ఎండలకు ఇంతకన్నా ఏం కావాలి?

మన తీరానికి ఈ విద్యలో పాత పేరే ఉంది. చినగంజాం దగ్గరి మోటుపల్లి రేవులో 1244-45లో కాకతీయ గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయ శాసనం వేయించాడు. అదే శతాబ్దం చివర మార్కో పోలో ఈ సీమ సన్నబట్టను ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. 1606లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారి గ్లోబ్ అనే ఓడ మన నిజాంపట్నానికి వచ్చింది బట్ట కోసమే. ఇసుకనేలల్లో దొరికే చిరివేరుతో ఎర్రరంగు వేసేవారు. 1869లో జర్మనీలో ఆ రంగు రసాయనాల నుంచి తయారైంది, చిరివేరు తవ్వేవాళ్ల బతుకు పోయింది. ఆముదపు కాయల బూడిద, నూనె కలిపి నూలును నానబెట్టి నేసే తేలియా రుమాలు చీరాలలో ఎంతో పేరుపొందింది. ఇవాళ దాని భౌగోళిక గుర్తింపు తెలంగాణలోని పుట్టపాక పేరు మీద ఉంది. పుట్టపాక వారు దాన్ని బతికించారు, వారికి దండం పెట్టాలి.

పత్తిలోనూ మనకంటూ ఒకటి ఉండేది. కృష్ణా, గుంటూరు నల్లరేగళ్లలో వానాధారంగా పండే దేశవాళీ పత్తి. దాని దూదే గోధుమ రంగు, రంగు వేయకుండానే నేయవచ్చు. ఎగుమతైన రేవును బట్టి వర్తకులు దానికి కాకినాడ పత్తి అని పేరు పెట్టారు. 1970ల తర్వాత సంకర విత్తనాలు వచ్చి పత్తి విస్తీర్ణం ఉరకలేసింది, దానితో మందుల ఖర్చూ పెరిగింది. 1987లో తెల్లదోమ మన రెండు జిల్లాల రైతుల ఇళ్లల్లో ఎన్ని చావులు తెచ్చిందో మీ తాతల్ని అడగండి. 2002లో బీటీ పత్తి వచ్చింది, కొన్నేళ్లకు గులాబీ పురుగు దాన్నీ తట్టుకుంది. విసిగిన రైతు మిరపకు మళ్లుతాడు. అక్కడ ధర పడిపోతే, 2025 ఫిబ్రవరిలో పడినప్పుడు కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల కనీస ధర ప్రకటించాల్సి వచ్చిందే అలా, మళ్లీ పత్తి వైపు చూస్తాడు. ఎటు చూసినా తన పంట ఎవరి చేతికి పోతుందో తెలియని అమ్మకమే.

పండింది ఎవరి ఒంటికి పోతుందో తెలిసే దారి ఒకటి ఉంది. కాలిఫోర్నియాలో రెబెకా బర్జెస్ అనే ఆవిడ 2010లో ఒక పూనిక పూనింది. ఏడాది పాటు తన ఇంటి నుంచి 150 మైళ్ల లోపల పండిన నార, అక్కడే దొరికిన రంగు, అక్కడివాళ్లే చేసిన బట్ట తప్ప వేరేది కట్టనని. అక్కడ ఉన్నీ పుష్కలం, పత్తీ ఉంది. వాటిని వడికి నేసే ఏర్పాట్లే అరుదు. ఆవిడకు కరువైన ఆ నేతగాళ్లు మనకు వాడకట్టుల నిండా ఉన్నారు. రోజూ వాళ్లను దాటుకుంటూ మాల్‌కు వెళ్తున్నాం.

ఇక నా లెక్క వినండి. పెన్షనర్ని, లెక్కలు వేయడానికి తీరిక ఉంది. క్వింటా పత్తికి 2025-26 మద్దతు ధర, పొడుగు పింజకు, 8,110 రూపాయలు. అందులో దూది 34 కిలోల దాకా వస్తుంది. ఏకడంలో, వడకడంలో తరుగు పోగా 28 కిలోల నూలు అనుకుందాం. మీటరుకు 140 గ్రాముల చొప్పున 200 మీటర్ల చొక్కా గుడ్డ. అంటే 80 చొక్కాలు. ఒక్కో చొక్కాలో రైతు పత్తి విలువ అటూ ఇటూగా నూరు రూపాయలు! రైతుకు ఇంకో యాభై ఎక్కువిచ్చినా చొక్కా ధరలో అది పెద్దగా కనపడదు, చేలో మాత్రం క్వింటాకు 4,000 అవుతుంది. వెయ్యి చొక్కాలకు 12, 13 క్వింటాళ్లు చాలు. మందులు కొట్టకుండా పండించినా రెండు మూడెకరాల పంట. రెండు మగ్గాలకు దాదాపు ఏడాది పని.

వెయ్యి చొక్కాలంటే మీ కాలేజీలో ఒక సంవత్సరం చేరే పిల్లలు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను, విత్తనం పడకముందే కొనుగోలుదారులు కండి. అయిదొందల మంది చేరి, తలా రెండు చొక్కాల గుడ్డకు సగం డబ్బు ముందే ఒకచోట వేయండి. ఆ డబ్బుతో ఒక ఊళ్లో ఒక రైతుతో, ఒక నేత కుటుంబంతో మాట్లాడుకోండి. మందుల్లేని సాగు నేర్పడానికి గుంటూరులోనే రైతు సాధికార సంస్థ ఉంది. విత్తనం సంగతి అడగడానికి గుంటూరు పక్కనే లాం ఫారం, వ్యవసాయ పరిశోధన కేంద్రం, 1922 నుంచీ ఉంది. రైతు పేరు, మగ్గం ఉన్న ఊరు గుడ్డ మీద ఉండాలి.

మొదలుపెట్టేటప్పుడు మంగళగిరి చీర జోలికి పోవద్దు. దానికి 80 నంబరు సన్న నూలు కావాలి, మన చేల పత్తి మామూలుగా అంత సన్నానికి సాగదు. 20 నుంచి 40 నంబరు నూలుకు తగిన తువ్వాళ్లు, లుంగీలు, దుప్పట్లు, చొక్కా గుడ్డ నేయించండి. మన పత్తికి తగ్గ బట్ట అదే, అందులో చిన్నతనం ఏమీ లేదు.

అసలు కష్టం వడకడం దగ్గర వస్తుంది. ఇది మీలో ఇంజనీరింగ్ చదివేవాళ్లు చెవిన పెట్టుకోవాలి. నేతగాడికి మజూరీ నేసిన మీటర్ల మీద ఇస్తారు. పోగు సమంగా లేకపోతే పడుగు మాటిమాటికీ తెగుతుంది, తెగిన ప్రతి పోగునూ అతుక్కునే వేళకు ఎవరూ కూలి కట్టరు. అందుకే ఆయన కొత్త నూలు చూడగానే ముఖం తిప్పుకుంటాడు. ఆయనది మొండితనం అనుకోకండి, ఆయన రోజు గడవాలి. చిన్న యంత్రం మీద సమమైన, బలమైన పోగు తీయగలగాలి. తమిళనాడుకు చెందిన ఏకాంబరనాథన్ అంబర్ చరఖా అనే వడుకు యంత్రం చేశాడు, ఆయన వెనుక ఏ పెద్ద ల్యాబూ లేదు. మీకు ల్యాబులున్నాయి, ప్రాజెక్టు వర్కుకు ఏం చేయాలా అని వెతుక్కుంటున్నారు కూడా. ఒక చిన్న ఏకుడు యంత్రం, ఒక చిన్న వడుకు యంత్రం, వాటి నూలు మీద నేతగాడి తీర్పు. మీ మార్కుల్లో సగం ఆ నేతగాడే వేయాలని మీ ప్రొఫెసర్లతో చెప్పండి.

పడుగుకు గంజి పెట్టడం ఇంకో చిక్కు. మా చిన్నతనంలో తెల్లవారుజామునే వీధి పొడుగునా పడుగు సాగదీసి, గంజి పట్టించి కుంచెతో సరిచేసేవారు. ఇప్పుడు ఆ వీధుల్లో ఆటోలూ బండ్లూ. ఒక పొడవాటి రేకుల షెడ్డు, పంచాయతీ స్థలంలో, ఊరందరికీ ఉమ్మడిగా దొరికితే చాలు. వానాకాలం మగ్గం గుంటల్లో నీళ్లూరి పని ఆగిపోయే కుటుంబాలకు ఆ షెడ్డులోనే నేల మీద మగ్గాలు వేసుకునే వీలుంటుంది. గ్రామసభలో లేచి ఈ మాట అడగడానికి మీ గొంతు కావాలి.

ఊరంతా కలిసి నడవడం ఈ నేలకు కొత్త కాదు. 1921లో మున్సిపాలిటీ పన్నుల భారం ఒప్పుకోబోమని చీరాల, పేరాల జనం, ఎక్కువమంది నేతవాళ్లే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట ఇళ్లు ఖాళీ చేసి ఊరి బయట రామనగర్ కట్టుకున్నారు. పదకొండు నెలలు పాకల్లో కాపురం చేశారు. నేను అడిగేది దాని ముందు చాలా చిన్న పని.

తొలకరి దాకా వేళ ఉంది. ముందు ఒక జట్టుగా చేరి నాకు కబురు చేయండి, నా రెండు చొక్కాల డబ్బు సిద్ధంగా ఉంది. మా వాడకట్టులో ఇంకా మగ్గం దించని ఇళ్లకు నేనే వెంటబెట్టుకు తీసుకెళ్తాను. అమావాస్య నాడు రండి. ఆ రోజు మగ్గానికి సెలవు, వాళ్లకు మాట్లాడే తీరిక ఉంటుంది.

ఇట్లు,
మీ మేలు కోరే
వేటపాలెం పంతులు