కాలి సిరలు అందరికీ ఒక్కలాగున ఉండవు



మా సంఘములోని ఒక పెద్దమ్మకు పిక్కమీద నీలి నరములు మెలికలు తిరిగి ఉబ్బెను. ఆపరేషను చేయించుకొనెను గాని కొన్నేండ్లకు అవి మరల లేచెను. "డబ్బు పోయింది, బాధ పోలేదు అయ్యగారూ. ఇంక కోతలొద్దు" అని ఊరకుండెను. ఈ మధ్య చీలమండ ప్రక్కన పుండు పడి మానకున్నది. ఇటువంటివారు మన కుటుంబములలో అనేకులున్నారు గనుక ఈ మాటలు వ్రాయుచున్నాము.

మనము నరములు అనుచున్నవి నిజమునకు సిరలు. పాదములనుండి రక్తమును పైకి, గుండెకు చేర్చునవి ఇవే. రక్తము వెనుకకు జారకుండ వాటిలో చిన్న తలుపులవంటి కవాటములున్నవి. ఇటలీలోని పాదువాలో బోధించిన ఫాబ్రిషియస్ అను వైద్యుడు 1603లో వాటిని గూర్చి పుస్తకము ప్రకటించెను. ఆ తలుపులు సరిగా మూతపడనియెడల రక్తము క్రిందికి జారి నిలిచి, సిర ఉబ్బును. గంటల తరబడి నిలిచి పనిచేయువారికిని, కాన్పులైన స్త్రీలకును ఇది ఎక్కువ.

మరి కోసిన తరువాత మరల ఎందుకు వచ్చును? కొందరికి కొత్త సిరలు పుట్టును. మరికొందరి విషయములో కారణము పుట్టుకతోనే ఉన్నది. ముఖ్యమైన సిర లోపలి చీలమండనుండి గజ్జవరకు పోవును. కొందరికి దాని ప్రక్కనే మరొక పాయ సాగును. పిక్క వెనుకనున్న సిర చాలామందికి మోకాలి మడత దగ్గర లోతు సిరలో కలియును. కొందరికి ఇంకను పైన, తొడలో కలియును. అది తెలియక కోసినయెడల, కాలువకు రెండు గండ్లు పడగా ఒకటే పూడ్చినట్లగును.

కావున ఆపరేషనైనను, లేజరు చికిత్సయైనను, ముందుగా డ్యూప్లెక్స్ స్కానింగు చేయించుకొనుడి. కోత లేదు, సూది లేదు. రక్తము ఎటు పోవుచున్నదో తెరమీద కనబడును. "ఏ సిర చెడినది? ఎక్కడ కలియుచున్నది? లోతు సిరలు బాగున్నవా?" అని డాక్టరుగారిని అడుగుటకు సిగ్గుపడకుడి.

ఒక హెచ్చరిక. ఉబ్బిన సిర చిట్లి రక్తము కారినయెడల కాఫీపొడి, పసుపు అద్దుచు కూర్చుండవద్దు. రోగిని పరుండబెట్టి, కాలు పైకెత్తి, శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమిపట్టి ఆసుపత్రికి చేర్చుడి.

పెద్దమ్మను మేమే స్కానింగునకు తీసికొనిపోయితిమి. మోకాలి వెనుక సిర ఒకటి మొదటి ఆపరేషనులో అందక మిగిలినట్లు కనబడెను. "అయితే తప్పు నా కాలిది కాదన్నమాట" అనెను. రెండవ ఆపరేషనుకు ఒప్పుకొన్నది.