రఫేల్ హిసాబ్, మిగ్ ఇంతెజార్

రఫేల్ అనగానే మా దోస్తుల బహస్ ధర దగ్గరే ఆగుతుంది. 2007లో 126 యుద్ధ విమానాలకు టెండర్ పిలిచారు. 2016లో 36 మాత్రమే కొన్నారు, దాదాపు 59 వేల కోట్లకు. ఒక్కోటి ఎంతని పార్లమెంటులో అడిగితే ఫ్రాన్స్‌తో రహస్య ఒప్పందం ఉందన్నారు. ప్రజల ఖజానాకు హిసాబ్ అడిగితే గద్దారీ ఎలా అవుతుంది భాయ్?

మగర్ నా ఫికర్ వేరే. రఫేల్ జబర్దస్త్ విమానమే, దాని మీటియోర్ క్షిపణి వంద కిలోమీటర్లు దాటి కొడుతుంది. కానీ 42 స్క్వాడ్రన్లు కావాల్సిన వాయుసేనకు 36 విమానాలంటే రెండు స్క్వాడ్రన్లే. మిగతా ఖాళీలో మిగ్-21లను 2025 సెప్టెంబర్ దాకా లాక్కొచ్చారు. ఆ రకం మన దగ్గరికి వచ్చింది 1963లో! వాటిలో కూర్చున్న పైలట్ల జాన్‌కు ఏ టెండర్‌లో ధర కట్టారు? వాటి జగాలో తేజస్ వస్తుందని 2021లో 83కి ఆర్డర్ ఇచ్చారు, అమెరికా ఇంజిన్లు వక్త్‌కు రాలేదు. రఫేల్ ధర మీద గొంతు చించుకున్నవాళ్లలో ఈ ఇంతెజార్ గురించి అంత గట్టిగా అడిగినవాళ్లను నేనైతే చూడలేదు.