గెట్టు పంచాయితీలు ఎందుకు పెరిగాయి?

"ఎయిర్‌పోర్టు వచ్చింది, మనుషులు ఖరాబయిన్రు." శంషాబాద్ చుట్టుపక్కల ఏ ఊళ్ళో కూర్చున్నా ఈ మాట వినబడుతుంది. అన్నదమ్ములకు మాటల్లేవని, పక్క పొలం వాడు గెట్టు జరిపాడని, ఆడబిడ్డ కోర్టుకు పోయిందని చెప్పుకొచ్చి, చివరికి తప్పంతా మనుషుల బుద్ధి మీదికి నెడతారు. ఈ మాటతో నాకు పేచీ ఉంది. ఊరు ఊరంతటికీ ఒకేసారి బుద్ధి చెడిపోవడం ఎక్కడైనా ఉంటుందా? మనిషి ఏ పరిస్థితిలో నిలబడ్డాడో చూడకుండా వాడి గుణం మీద తీర్పు చెప్పడం మనకు అలవాటైపోయింది.

మీరే లెక్క వేసి చూడండి. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు, వెరసి 4,840 గజాలు. పొలాన్ని ఎకరాల్లో చూసుకున్నంత కాలం గెట్టు ఒక అడుగు అటు జరిగినా ఇటు జరిగినా పోయేది ఒక సాలు జొన్న. నాగలి తిప్పేటప్పుడు కొంచెం తెగిందిలే అని ఊరుకునేవారు. అదే భూమిని గజాల్లో అమ్మడం మొదలయ్యాక, వంద గజాల పొడవున ఒక అడుగు జరిగితే 33 గజాలు పోతాయి. గజం 5,000 రూపాయలే అనుకున్నా లక్షా 65 వేలు! సాలు జొన్నకు పంచాయితీ పెట్టని మనిషి లక్షా 65 వేలకు పెడతాడు. గుణం అదే, లెక్క మారింది.

2005 మార్చి 16న శంషాబాద్ విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. 2008 మార్చి 23 నుంచి విమానాలు నడిచాయి. మామిడిపల్లి, గొల్లపల్లి వంటి ఊళ్ళ వైపు సుమారు 5,500 ఎకరాలు దాని కిందికి పోయాయి. 1894 నాటి పాత భూసేకరణ చట్టమే అమల్లో ఉన్న రోజులవి. తర్వాత 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. ఎయిర్‌పోర్టు గోడకు లోపల పడ్డ రైతుకు సర్కారు కట్టిన ధర, బయట మిగిలిన రైతుకు దళారులు చెప్పిన ధర. నిన్నటిదాకా ఇద్దరూ ఒకరి పనికి ఒకరు బదులు పోయినవాళ్ళే. ఆ తర్వాత వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోతే అందులో అసూయ ఎంత, అన్యాయం జరిగిందన్న బాధ ఎంత అన్నది బయటివాళ్ళం తేల్చగలమా?

తెల్లకాగితాల సంగతి చూడండి. తెలంగాణ పల్లెల్లో భూమి కొనుగోళ్ళు చాలాకాలం సాదా బైనామాల మీదనే జరిగాయి. కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకుని, ఇద్దరు సాక్షులతో సంతకమో వేలిముద్రో పెట్టించి, పైకం చేతికిస్తే భూమి చేతులు మారినట్టే. వంద రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తి అమ్మితే రిజిస్ట్రేషన్ చేయించాలని 1882 నుంచీ చట్టం చెబుతూనే ఉంది. ఎవరు చేయించారు? స్టాంపు ఖర్చు ఒకటి, పట్నం తిరుగుడు ఒకటి. అన్నిటికన్నా, అవసరం కనబడలేదు. అమ్మినవాడూ కొన్నవాడూ తెల్లారితే ఒకే బాయి దగ్గర ఎదురుపడాలి. మాట తప్పితే మిగిలేది తక్కువ, ఊళ్ళో పోయేది ఎక్కువ. ఆ నమ్మకాన్ని నిలబెట్టింది మంచితనమే కాదు, మాట తప్పనివ్వని ఆ ఊరి కట్టు కూడా. ధర పెరిగాక అమ్మినాయన కొడుకు పట్నంలో ఉన్నాడు, బాయి దగ్గర ఎవరికీ ఎదురుపడడు. రికార్డులో ఇంకా తండ్రి పేరే ఉంది. "మా నాయిన అమ్మలేదు" అనడానికి అతనికి అడ్డేముంది? 2016లో, మళ్ళీ 2020లో ఈ బైనామాల క్రమబద్ధీకరణకు ప్రభుత్వం దరఖాస్తులు తీసుకుంది. రెండోసారి వచ్చినవి హైకోర్టు ఉత్తర్వులతో ఏళ్ళ తరబడి ఆగిపోయాయి. అంటే ఒకనాడు నమ్మి కొన్నవాడే ఇరుక్కున్నాడు.

ఆడబిడ్డల విషయంలో మనవాళ్ళు మరీ తొందరపడి మాట తూలుతారు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన వాటా ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్ళయినవారికి మాత్రం అది వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటికీ కేంద్ర చట్టం వచ్చింది. శంకుస్థాపన జరిగిన ఏడాదే అది. ఎకరం జొన్నచేనులో వాటా అడిగి పుట్టింటి గడపను దూరం చేసుకోవడం ఎందుకని ఇరవై ఏళ్ళు నోరు మెదపని చెల్లెలు, అన్న గజాల లెక్కన అమ్ముతున్నాడని తెలిసి అడిగితే ఆశపోతు అయింది. ఆమె అడిగినందుకు ఊరంతా వేలు చూపిస్తుంది గానీ, అడగకముందే అమ్మేసిన అన్నను మాత్రం అవసరంలో ఉన్నాడంటారు.

ఇదేదో మన పల్లెల జబ్బు అనుకోకండి. అమెరికాలో ప్రిన్స్‌టన్ అనే చోట మతగురువులు కావడానికి చదువుతున్న 40 మంది మీద డార్లీ, బాట్సన్ అనే ఇద్దరు ఒక పరీక్ష చేసి 1973లో ప్రచురించారు. పక్క భవనానికి పోయి ప్రసంగించమని పంపారు. కొందరికి ఇచ్చిన విషయం, దారిలో పడి ఉన్నవాణ్ణి ఆదుకున్న మనిషిని గురించిన బైబిలు కథే. దారిలో ఒకణ్ణి మూలుగుతూ కూలబడి ఉండేట్టు ఏర్పాటు చేశారు. తొందరేమీ లేదని చెప్పి పంపినవాళ్ళలో వందకు 63 మంది లెక్కన సాయం చేస్తే, ఆలస్యమైంది పరుగెత్తమన్నవాళ్ళలో వందకు 10 మందే చేశారు. ఏ విషయం మీద మాట్లాడబోతున్నారన్నది పెద్దగా లెక్కకు రాలేదు, తొందరే లెక్కకు వచ్చింది. పొద్దున బయానా, ఎల్లుండి రిజిస్ట్రేషన్ అంటూ దళారి మన రైతును తరిమేది కూడా ఆ తొందరతోనే. చెల్లెలికి కబురు పెట్టే తీరిక ఉండనివ్వడు.

పరిస్థితి మనిషిని పైకి లేపిన సందర్భాలూ ఉన్నాయి. కమీషన్ ఏజెంటు ముందు చేతులు కట్టుకుని, ఎంత తూకం చెబితే అంతకు తలూపిన కూరగాయల రైతు, 1999 జనవరి 26న రైతు బజార్లు మొదలయ్యాక తన తక్కెడ తానే పట్టి, బోర్డు మీది ధర చూపించి బేరగాడికి జవాబు చెప్పాడు. అతనికి ధైర్యం ఎవరూ నూరిపోయలేదు. చేతికి తక్కెడ ఇచ్చారు, అంతే.

వ్యవసాయానికి అసలు దెబ్బ తగిలింది కౌలులో. 1950 నాటి కౌల్దారీ చట్టం, అందులోని 38-ఇ కింద రక్షిత కౌలుదారులకు యాజమాన్య పత్రాలు ఇవ్వడం పట్టాదారులకు ఇంకా గుర్తే. అందుకే 2011లో కౌలు రైతులకు రుణ అర్హత కార్డుల చట్టం వచ్చినా, పట్నం దగ్గరి భూమి యజమాని కాగితం అంటేనే జంకాడు. 2018లో మొదలైన రైతుబంధు సొమ్ము, అప్పట్లో ఎకరానికి పంటకు 4,000, పట్టాదారు ఖాతాలోనే పడింది. అమ్ముడుపోయేదాకా ఉండనిద్దామని ఒక్క ఏడాదికి నోటిమాట కౌలు ఇస్తారు, లేదా బీడు పెడతారు. పశువుల పెంట తోలితే భూమికి రెండు మూడేళ్ళు బలం. వచ్చే ఏడు ఈ చెలక తనది కాదని తెలిసిన కౌలు రైతు పెంట ఎందుకు తోలుతాడు? చెరువు మట్టి ఎందుకు పోయిస్తాడు? యూరియా చల్లి ఈ పంట తీసుకుని పోతాడు. సమావేశాల్లో మాత్రం అతనికి నేల మీద ప్రేమ లేదని పాఠాలు చెబుతారు. మూడేళ్ళకు కౌలు కాగితం రాసిచ్చి, అప్పుడు చూసి మాట్లాడాలి.

శంషాబాద్‌లో అయిపోయింది మళ్ళీ ఎందుకు తవ్వడమంటే, ప్రాంతీయ రింగు రోడ్డు అంటున్నారు. ఉత్తరాన నర్సాపూర్, గజ్వేల్, చౌటుప్పల్ వైపు, దక్షిణాన ఆమనగల్, షాద్‌నగర్, చేవెళ్ళ వైపు ఊళ్ళన్నిటికీ గజాల లెక్క వస్తోంది, కొన్నిచోట్ల వచ్చేసింది. ఆ ఊళ్ళ రైతులకు చెప్పేదొకటే. పక్క రైతులకు కబురు పెట్టి, అందరూ ఉండగా సర్వేయరుతో కొలిపించి, అదే రోజు హద్దురాళ్ళు పాతించండి. పెట్టెలో తెల్లకాగితం ఉంటే, అమ్మిన పెద్దాయన, సాక్షులు బతికి ఉండగానే దాని సంగతి తేల్చుకోండి. అక్కచెల్లెళ్ళను పండక్కి పిలిచినప్పుడే వాటాల మాట ఎత్తండి, పంపకం రిజిస్టరు చేయించండి. ఇవన్నీ ఇంకా ఎకరాల్లో మాట్లాడుకుంటున్నప్పుడే కావాలి.