పేరిణి పాదములకు రక్షణ
1213 నాటి రామప్ప దేవాలయ శిల్పములను, కాకతీయ గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని రచించిన నృత్తరత్నావళిని ఆధారముగా గొని ఆచార్య నటరాజ రామకృష్ణగారు పునరుద్ధరించిన పేరిణి యను వీరనృత్తమును నేడు ఓరుగల్లు యువకులు శ్రద్ధతో అభ్యసించుచుండగా, ఆ నృత్తమునకు ప్రాణమైన పాదఘట్టనము తరచుగా సిమెంటు నేలమీదనే సాగుచుండుట నాకు మిక్కిలి వ్యాకులము గలిగించుచున్నది. మండలస్థితిలో మోకాళ్లు వంగియుండగా పాదము నేలను తాకిన ప్రతిమారును ఆ దెబ్బ చీలమండనుండి జంఘాస్థికిని, మోకాటికిని, నడుమునకును ఎక్కును. విశ్రాంతి చాలనియెడల ఎముకలో సన్నని బీట పడవచ్చును. ఇట్టి బాధలకు ఆస్టియోపతి చాలదా యని ఎవరైన అడుగవచ్చును. 1874లో అమెరికా వైద్యుడు ఆండ్రూ టేలర్ స్టిల్ ప్రతిపాదించిన ఆస్టియోపతి, కండరములను, కీళ్లను కేవలము చేతులతో ఒత్తి, సాగదీసి సడలించు పద్ధతి; అది నడుమునొప్పికి కొంత ఉపశమన మిచ్చుననుటకు ఆధారములు కలవు గాని, నర్తకుల గాయములను ముందుగా నివారించుననుటకు అంత బలమైన నిదర్శనములు లేవు, బీటవారిన ఎముకను మర్దించుట యనర్థము. కావున నృత్యశాలలకు మొదట కావలసినది చెక్కపలకల నేల, అభ్యాసమునకు ముందు ఒడలు వేడెక్కించు వ్యాయామము, క్రమముగా పెంచబడు సాధనకాలము. ఆపై, నొప్పి యని చెప్పిన శిష్యుని భీరువని గద్దింపక—వీరనృత్తమైనంతమాత్రమున నొప్పిని దాచుట వీరత్వము కాదు—వెంటనే ఫిజియోథెరపిస్టు నొద్దకు పంపు గురువు కావలెను. ఉత్సవ ప్రదర్శనలకు వ్యయపరచు ధనములో కొంత ముందుగా ఈ నేలలకు వినియోగింపవలెనని కోరుచున్నాను.