తేటనీళ్లన్నీ మంచినీళ్లు కావు

కొత్తగా పెద్ద అక్వేరియం పెట్టిన ఇళ్లలో ఒకే కథ నడుస్తుంటుంది. మొదటి రెండు రోజులు నీళ్లు అద్దంలా మెరుస్తాయి. మూడో రోజో నాలుగో రోజో పాలు కలిపినట్టు తెల్లబడతాయి. "నీళ్లు చెడిపోయినాయి, పారబోయండి" అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. నీళ్లన్నీ పారబోసి, అద్దాలు తోమి, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద బాగా పిండి మళ్లీ నింపుతారు. వారం తిరక్కుండానే మళ్లీ అదే తెలుపు. ఈలోగా రెండు చేపలు వెల్లకిలా తేలతాయి. చేప చచ్చిపోతే ఇంటి దోషం తీసుకుపోయిందిలే అని సర్దిచెప్పుకోవడం మనకు అలవాటు. చాలాసార్లు ఆ దోషం ఇంటిది కాదు, నీళ్లది.

లెక్క చూడండి. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న తొట్టిలో సుమారు 450 లీటర్లు పడతాయి. అంటే 20 లీటర్ల క్యాన్లు ఇరవై రెండు. వారానికోసారి మొత్తం మారిస్తే నెలకు 1,800 లీటర్లు. మే నెలలో ట్యాంకర్ కోసం బిందెలు వరసపెట్టే మన కర్నూలు, కడప వీధుల్లో అన్ని నీళ్లు కాలవపాలు చేయడం బాధే. అంతకన్నా బాధ ఏమిటంటే, చేపల్ని చంపేది కూడా చాలావరకు ఆ పారబోయడమే.

ఎందుకో చెప్తాను. చేప ఊపిరి పీల్చే మొప్పల్లోంచే అమ్మోనియా వదులుతుంది. దాని మలం, తినకుండా వదిలేసిన మేత కుళ్లి ఇంకొంత అమ్మోనియా తయారవుతుంది. ఇది కంటికి కనబడదు. నీళ్లు తేటగానే ఉంటాయి, చేప మాత్రం పైకి వచ్చి నోరు తెరుస్తూ ఉంటుంది. ఈ అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కొద్దిగా ఉంటే చేప తట్టుకుంటుంది. పొలంలో యూరియా చల్లితే నేలలో జరిగే పని కూడా ఇదే. ఈ బ్యాక్టీరియాను 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ మట్టిలోంచి వేరుచేసి చూపించాడు.

ఈ బ్యాక్టీరియా ఎక్కువగా కాపురముండేది నీళ్లలో కాదు. ఫిల్టర్ స్పాంజిలో, అడుగున పరిచిన గులకరాళ్ల మీద. కొత్త తొట్టిలో అది సరిపడా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. స్పాంజిని కుళాయి నీళ్లతో కడిగితే అందులోని క్లోరిన్‌కు అది చచ్చిపోతుంది. మళ్లీ కథ మొదటికొస్తుంది. మొదటివారం కనిపించే తెలుపు వేరే రకం బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరగడం వల్ల వచ్చేది. మేత తగ్గించి, గాలి పంపు నడుపుతూ ఉంటే కొద్దిరోజుల్లో దానంతటదే సర్దుకుంటుంది.

ఇక మన నీళ్ల సంగతి. కర్నూలుకు తుంగభద్ర, కడపకు పెన్న. కుళాయి రాని చోట బోరే దిక్కు. మన నేల కింద చాలాచోట్ల సున్నపురాయి ఉంది. వంటగది అరలకు వేసే కడప బండ ఆ జాతిదే. బెలూం గుహల్లోకి దిగినవాళ్లకు తెలుసు, నీళ్లు ఆ రాయిని కరిగించే అంత సొరంగం చేశాయి. మన బోరు నీళ్లూ ఆ రాయి మధ్య నుంచే వస్తాయి కాబట్టి సున్నం మోసుకొస్తాయి. బకెట్ అంచున, గీజర్ లోపల పేరుకునే తెల్ల పొర అదే.

ఇలాంటి ఉప్పు నీళ్లలో పీహెచ్ తరచూ ఎనిమిదికి అటూ ఇటూ ఉంటుంది. పీహెచ్ ఏడు నుంచి ఎనిమిదికి వెళితే, అదే అమ్మోనియాలో చేపకు విషమయ్యే వాటా దాదాపు పదింతలవుతుంది. వేరే ఊరి నీళ్లలో చెల్లిపోయే నిర్లక్ష్యం మన దగ్గర చెల్లనిది ఇందుకే. దీనికి మందులు పోసి పీహెచ్ దించే ప్రయత్నం వద్దు, అది మళ్లీ ఎక్కుతుంది, ఆ ఊగిసలాటకే చేప నీరసిస్తుంది. మన నీళ్లకు సరిపోయే చేపల్ని తెచ్చుకోవడం తేలిక. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ ఇలాంటి నీళ్లలో హాయిగా బతుకుతాయి. నియాన్, డిస్కస్ అమెజాన్ మెత్తటి నీళ్ల చేపలు, వాటిని ఇక్కడికి తేవడం వాటిని కష్టపెట్టడమే.

నీటి గుణం చూసి నీరు నిలపాలన్నది మన సీమకు కొత్త కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అని అందులో లెక్క చెప్పారు. నీటి శాస్త్రం తెలిసిన మనిషి ఉండాలనేది ఒక అంగం. చవుడు నేల ఒక దోషం.

ఎండాకాలం ఇంకో పరీక్ష. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. చేపకూ, ఆ బ్యాక్టీరియాకూ ఇద్దరికీ అదే గాలి. అందుకే కరెంటు పోయినప్పుడు నడిచేలా గాలి పంపును ఇన్వర్టర్‌కు కలపండి. ఎండకు నీళ్లు ఆవిరై తగ్గుతాయి, కానీ ఉప్పు, సున్నం లోపలే ఉండిపోతాయి. తగ్గినంత మేరకు మళ్లీ బోరు నీళ్లే పోస్తూపోతే చిక్కదనం పెరుగుతుంది. ఆవిరైన భాగానికి మాత్రం ఆర్‌ఓ నీళ్లు పోయండి. మొత్తం తొట్టి ఆర్‌ఓతో నింపకండి, అందులో చేపకు కావలసిన ఖనిజాలు ఉండవు.

మరి చేయవలసింది ఏమిటంటే, తొట్టి నింపగానే చేపలు కొనొద్దు. నడుస్తున్న తొట్టి ఎవరింట్లోనైనా ఉంటే వాళ్ల ఫిల్టర్ స్పాంజి ముక్క ఒకటి అడిగి తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టండి. పెరుగుకు తోడు వేసినట్టే. రోజూ చిటికెడు మేత వేస్తూ అమ్మోనియా, నైట్రైట్ పరీక్ష కిట్‌తో చూడండి. రెండూ పైకి లేచి, మళ్లీ సున్నాకు వచ్చాక రెండు మూడు చేపలతో మొదలుపెట్టండి. సాఫ్ట్‌వేర్‌ను కూడా మేము ముందు కొద్దిమందికే ఇచ్చి చూస్తాం. రెండు నిమిషాల్లో తినేసేంత మేతే వేయాలి.

ఆ తర్వాత వారానికోసారి ఐదో వంతు, అంటే 90 లీటర్లు మారిస్తే చాలు. నెలకు 360 లీటర్లతో సరిపోతుంది. కుళాయి నీళ్లయితే ఒక రోజు తెరిచి ఉంచండి, లేదా క్లోరిన్ విరిచే చుక్కలు కలపండి. మిద్దె మీద ట్యాంకు నీళ్లు మే నెల మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత కాలుతుంటాయి, కాబట్టి తెల్లవారుజామునే మార్చాలి. స్పాంజి మురికైతే తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి.

అడుగు శుభ్రం చేస్తుందని దుకాణంలో అంటగట్టే సక్కర్ చేప గురించి ఒక మాట. అది నాచు గీకుతుంది గానీ, దాని మలం కూడా నీళ్లలోనే కలుస్తుంది. పైగా అడుగుకు మించి పెరుగుతుంది. పెరిగాక కేసీ కాలువలోనో చెరువులోనో వదలకండి. అలా వదిలినవే పెరిగి చెరువుల్లో వలలు చింపుతున్నాయి, మన రైతులు దాన్ని దెయ్యం చేప అంటున్నారు.

వారంవారం తీసే ఆ 90 లీటర్లు కూడా కాలవలో పోయనక్కర్లేదు. నైట్రేట్ ఉన్న నీళ్లు మొక్కకు ఎరువే. మల్లెతీగకు, కరివేపాకు చెట్టుకు పోయండి. మే నెల ఎండలో కుండీల్లో మొక్కలు బతకడానికి మనకు వేరే నీళ్లు ఎక్కడివి?