పరువు తాకట్టు విడిపించుకుందాం

మీకు 5,000 రూపాయల లోన్ మంజూరైందని యాప్‌లో మెసేజ్ వస్తుంది. ఖాతాలో పడేది మాత్రం 3,500. మిగతా 1,500 ప్రాసెసింగ్ ఫీజనీ, సర్వీస్ చార్జీ అనీ, జీఎస్టీ అనీ ముందే పట్టేసుకుంటారు. ఏడో రోజున పూర్తిగా 5,000 కట్టాలి. అక్రమ లోన్ యాప్‌ల పద్ధతి ఇదే.

మన ఊళ్లలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకుంటాం. రెండు రూపాయలంటే సరే అంటాం. మూడంటే ఆలోచిస్తాం. ఐదంటే అతని గుమ్మం తొక్కొద్దని ఇంట్లో పెద్దవాళ్లు హెచ్చరిస్తారు. యాప్ లెక్కను కూడా అదే కొలతలోకి తెచ్చి చూడండి. చేతికొచ్చిన 3,500కి వారంలో 1,500 అదనంగా కట్టడమంటే నూటికి వారానికి దాదాపు 43 రూపాయలు. నెలకు లెక్కగడితే 180 దాటుతుంది. నూటికి నెలకు నూట ఎనభై రూపాయల వడ్డీ! ఎంత కఠినుడైన వడ్డీ వ్యాపారైనా ఆ మాట మన ముఖాన అనలేడు. ఫోన్‌లో మాత్రం అది చిన్న ఫీజుగా కనిపిస్తుంది కాబట్టి వేలు ఆగకుండా నొక్కేస్తుంది.

ఏడో రోజుకు 5,000 చేతిలో ఉండదు. ఉండేటట్టయితే ఆ అప్పే చేసేవారు కాదు. దాంతో ఇంకో యాప్‌కు వెళ్తారు. అక్కడా నూటికి ముప్పై కోతే కాబట్టి చేతికి 5,000 రావాలంటే దాదాపు 7,140 అప్పు రాయించుకోవాలి. మూడో వారానికి అది 10,200 అవుతుంది. నాలుగో వారానికి 14,500 దాటుతుంది. 28 రోజుల కిందట వాడుకున్నది 3,500 మాత్రమే. మధ్యలో ఒక్క రూపాయి కూడా కొత్తగా ఖర్చు పెట్టలేదు, అయినా బాకీ నాలుగింతలైంది. కాబట్టి ఈ ఊబిలో దిగినవాళ్లను దుబారా మనుషులని తిట్టడం అన్యాయం. పిల్లల ఫీజుకో, ఆసుపత్రికో, అద్దెకో తీసుకున్న చిన్న మొత్తాన్ని ఈ లెక్కే కొండలా పెంచుతుంది.

జీతం వచ్చేదాకా గడవడానికి ఇచ్చే ఇలాంటి అప్పులు అమెరికాలో ఎప్పటినుంచో ఉన్నాయి. పేడే లోన్ అంటారు. అక్కడ వంద డాలర్లకు రెండు వారాలకు పదిహేను డాలర్ల ఫీజు మామూలు. ఏడాదికి లెక్కవేస్తే అది 400 శాతానికి దగ్గరగా వస్తుంది. 80 శాతానికి పైగా పేడే లోన్లు రెండు వారాలు తిరగకుండానే పొడిగింపుకో, కొత్త అప్పుకో దారితీస్తున్నాయని అక్కడి వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2014లో తేల్చింది. మన దగ్గరి అక్రమ యాప్‌లు ఆ పద్ధతిని ఇంకా కుదించి, రెండు వారాల గడువును ఒక్క వారానికి తెచ్చాయి. దాంతోపాటు తెలుగు నేలకు బాగా పరిచయమైన ఇంకో ఆయుధాన్ని చేతబట్టాయి. అది పరువు.

పరువు తీసి వసూలు చేయడం ఇక్కడ కొత్త కాదు. 2006లో కృష్ణా జిల్లాలో అధికారులు సూక్ష్మరుణ సంస్థల శాఖలను మూయించారు. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాటి కట్టడికి ఏకంగా ఆర్డినెన్సే తెచ్చింది. వాయిదా తప్పిన ఆడమనిషి ఇంటి ముందు కూర్చోవడం, గ్రూపులోని తోటివాళ్ల చేతే నిలదీయించడం అప్పటి వసూలు పద్ధతి. 2015 డిసెంబరులో విజయవాడలో అధిక వడ్డీకి అప్పులిచ్చే కాల్ మనీ ముఠాల బాగోతం బయటపడింది. బాకీ తీర్చలేని ఆడవాళ్లను లైంగికంగా వేధించారని తెలిసి రెండు రాష్ట్రాలూ ఉలిక్కిపడ్డాయి. 2020లో లాక్‌డౌన్‌తో జీతాలు ఆగినప్పుడు యాప్‌లు విరుచుకుపడ్డాయి. ఆ డిసెంబరులో తెలంగాణలో వరసగా ఆత్మహత్యలు జరిగాక హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి, చైనా దేశస్థులతో సహా పలువురిని అరెస్టు చేశారు. పేర్లు మారుతున్నాయి గానీ మనిషిని నలుగురిలో తలదించుకునేలా చేసి డబ్బు రాబట్టే పద్ధతి మారలేదు. ప్రతిసారీ జనం నలిగిపోయాకే ప్రభుత్వాలు కదిలాయి.

యాప్ ఎక్కించుకునేటప్పుడు కాంటాక్టులు, ఫొటోలు చూడటానికి అనుమతి అడుగుతుంది. డబ్బు అవసరంలో ఉన్న మనిషి చదవకుండానే సరే అని నొక్కుతాడు. ఆ జాబితాలో మేనత్త ఉంటుంది, ఆఫీసులో మేనేజర్ ఉంటాడు, కూతురి క్లాస్ టీచర్ ఉంటారు. బ్యాంకులో బంగారం పెట్టేవాళ్లు ఎన్ని గ్రాములు పెడుతున్నారో చూసుకుని పెడతారు. ఇక్కడ మాత్రం ఏం తాకట్టు పెడుతున్నామో తెలియకుండానే పెట్టేస్తున్నాం. గడువు దాటిన గంటకే ఆ నంబర్లన్నిటికీ బూతులు, మార్ఫింగ్ ఫొటోలు వెళ్లడం మొదలవుతుంది.

అందుకే ఈ అప్పు నుంచి బయటపడే మొదటి మెట్టు డబ్బు సర్దడం కాదని గట్టిగా నమ్ముతున్నాను. ముందు విడిపించుకోవలసింది పరువు. 'అందరికీ చెప్పేస్తాం' అన్నదొక్కటే వాళ్ల బెదిరింపు. మనమే ముందు చెప్పేస్తే ఆ బెదిరింపులో బలం పోతుంది. ఇంట్లో ఒక్కరికి, భార్యకో భర్తకో అన్నకో అమ్మకో, ఈ రోజే మొత్తం చెప్పండి. ఎన్ని యాప్‌లు, ఎంత బాకీ అన్నది సగం దాచకుండా చెప్పండి. తర్వాత ఫోన్‌లో ఉన్నవాళ్లందరికీ ఒక మెసేజ్ పెట్టండి: 'నా నంబర్లు ఒక లోన్ యాప్ వాళ్ల చేతికి వెళ్లాయి. నా పేరుతో ఫోన్లు గానీ ఫొటోలు గానీ వస్తే నమ్మకండి, జవాబివ్వకండి, స్క్రీన్‌షాట్ నాకు పంపండి.' ఆ నాలుగు ముక్కలు రాయడానికి చేతులు వణుకుతాయి, నిజమే. రాసి పంపాక మీమీద వాళ్లకున్న పట్టు చాలావరకు సడలుతుంది.

రెండో పని ఒక నోటుపుస్తకం తెరవడం. ప్రతి అప్పుకూ ఒక వరస రాయండి: చేతికి వచ్చింది ఎంత, ఇప్పటిదాకా కట్టింది ఎంత, వాళ్లు అడుగుతున్నది ఎంత, డబ్బు ఏ ఖాతా నుంచి వచ్చింది, దాని వెనక ఏ బ్యాంకు లేదా ఏ ఫైనాన్స్ కంపెనీ ఉంది. ఈ చివరి గడి చాలా ముఖ్యం. రిజర్వు బ్యాంకు నియమించిన బృందం 2021లో పరిశీలిస్తే ఆండ్రాయిడ్ ఫోన్లకు దొరుకుతున్న సుమారు 1,100 లోన్ యాప్‌లలో 600 అక్రమమైనవని తేలింది. రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో ఇప్పుడు నమోదైన సంస్థల యాప్‌ల జాబితా ఉంది. పుస్తకంలోని ప్రతి పేరునూ అందులో వెతికి, దొరికినవి ఒక పేజీలో, దొరకనివి ఇంకో పేజీలో రాసుకోండి. రెండు పేజీలకూ వైద్యం వేరు.

జాబితాలో లేని యాప్‌ల విషయంలో, అడిగినంత పంపిస్తే ఆగుతారని ఆశపడకండి. భయపడి ఒకసారి పంపినవాళ్లకే మళ్లీ ఫోన్లు వస్తాయి. మెసేజ్‌లు, కాల్ రికార్డులు, యూపీఐ రసీదులు దాచుకుని సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, దగ్గరి పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. ఆధారాలు భద్రపరిచాక ఫోన్‌లో అనుమతులు తీసేసి యాప్ తొలగించండి. అప్పు తీసుకోవడం నేరం కాదు. బెదిరించి డబ్బు గుంజడం నేరం. స్టేషన్ మెట్లు ఎక్కేటప్పుడు తలదించుకోవలసిన అవసరం మీకు లేదు.

నమోదైన సంస్థల దగ్గర తీసుకున్న అప్పు తీర్చాలి. ఎగ్గొట్టమని ఎవరికీ చెప్పను. తీర్చేటప్పుడు మన హక్కులేమిటో తెలిసి ఉండాలి. 2022 నుంచి ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అప్పు డబ్బు నేరుగా మీ ఖాతాలో పడాలి, తిరిగి కట్టేది నేరుగా ఆ సంస్థ ఖాతాకే వెళ్లాలి. ఫీజులన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో ముందే రాతపూర్వకంగా చూపించాలి. యాప్ మీ కాంటాక్టులు, ఫొటోలు, కాల్ జాబితా ముట్టుకోకూడదు. తీసుకున్నాక మనసు మారితే వెనక్కి ఇచ్చేయడానికి కనీసం ఒక రోజు గడువు ఉండాలి. బాకీ కోసం ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. కట్టలేకపోతే ఫోన్ ఆఫ్ చేసి దాక్కోవద్దు. నెలకు ఇంత కట్టగలను, వాయిదాలు మార్చండి అని మెయిల్ రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు అన్యాయంగా ఉన్నా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. ఖర్చు ఉండదు. వివరాలకు 14448కి ఫోన్ చేయొచ్చు.

ఇక నమోదైన సంస్థల బాకీకి డబ్బు సర్దడం. అప్పు తీర్చడానికి అప్పు చేయొద్దన్నది మంచి మాటే. దానికి ఒక్క మినహాయింపు ఉంది. వడ్డీ బాగా తగ్గి, గడువు బాగా పెరిగితే మార్చుకోవడం తెలివైన పని. పోలిక కోసం పైన చెప్పిన 14,500నే తీసుకుంటే, అంత మొత్తం బ్యాంకులో రెండు కాసుల నగ పెట్టి తెచ్చుకుంటే, ఏడాదికి పది శాతం అనుకున్నా నెల వడ్డీ 120 రూపాయలు. యాప్‌లో అదే బాకీకి వారానికి ఆరు వేలకు పైగా కోత పడుతుంది. డ్వాక్రా సంఘంలో ఉన్న ఇల్లాలు సంఘం అప్పు అడగొచ్చు. పాడుకోని చిట్టీ ఉంటే పాట పాడొచ్చు. పీఎఫ్ ఉన్నవాళ్లు అర్హతను బట్టి అడ్వాన్స్ తీసుకోవచ్చు. యజమానిని జీతంలో ముందస్తు అడగడం నామోషీ అనుకోవద్దు. ఇలా మార్చుకున్న రోజే లోన్ యాప్‌లన్నీ తీసేయాలి. అలా చేయకపోతే నగా పోతుంది, బాకీ కూడా మిగులుతుంది.

పూర్తిగా కట్టాక బాకీ లేదన్న పత్రం తప్పకుండా తీసుకోండి. సగానికి రాజీ పడితే సిబిల్ నివేదికలో 'సెటిల్డ్' అని పడుతుంది, రేపు ఇంటి అప్పుకు వెళ్లినప్పుడు అడ్డొస్తుంది. 'క్లోజ్డ్' అని పడేలా తీర్చగలిగితే మేలు. ఏడాదికోసారి ఆ నివేదిక ఉచితంగా ఇవ్వాలి, తెప్పించుకుని సరిచూసుకోండి. బాకీ తీరిన మరుసటి నెల నుంచి ఆ వాయిదాలో కొంతయినా, 500 అయినా సరే, వేరే ఖాతాలో వేయండి. తర్వాతి జ్వరానికో, బండి రిపేరుకో మళ్లీ యాప్ తెరవకుండా ఆపేది ఆ డబ్బే.

ఇదంతా అప్పు చేసినవాళ్ల బాధ్యత. ప్రభుత్వాలకూ బ్యాంకులకూ అంతకంటే పెద్ద బాధ్యతే ఉంది. జన్‌ధన్ ఖాతాలకు 10,000 దాకా ఓవర్‌డ్రాఫ్ట్ ఇవ్వొచ్చని 2018 నుంచి ఉంది. అర్హత ఉన్న కూలీకి, ఆటో డ్రైవరుకు, ఇళ్లలో పనిచేసే అమ్మకు బ్రాంచిలో అడిగిన రోజే అది అందితే, వారానికి నూటికి 43 కట్టించుకునే యాప్‌తో ఆ మనిషికి పని ఉండదు. అప్పు మొత్తం భారానికి పరిమితి కూడా పెట్టాలి. బ్రిటన్ 2015 జనవరి నుంచి పేడే లోన్లకు అలాంటి నియమం తెచ్చింది. ఎంత ఆలస్యమైనా తీసుకున్నదానికి రెట్టింపు మించి వసూలు చేయకూడదు. ఈ ఆలోచన మనకు పరాయిది కాదు. 1938లో రాజాజీ ప్రభుత్వం తెచ్చిన మద్రాసు వ్యవసాయదారుల రుణ విముక్తి చట్టం, రైతు పాత అప్పుల్లో అసలుకు రెట్టింపు కట్టేసి ఉంటే ఆ అప్పు తీరిపోయినట్టే అంది. కోస్తా, రాయలసీమ జిల్లాల రైతులకు నాడు అమలైన సూత్రాన్ని నేటి ఫోన్ అప్పులకు వర్తింపజేయడానికి అడ్డేమిటి?

చివరగా, ఈ అప్పులు చేయనివాళ్లకు ఒక మాట. రేపు మీ ఫోన్‌కూ ఒక తెలియని గొంతు రావొచ్చు. మీ బావమరిది మోసగాడనో, మీ ఉద్యోగిని దొంగ అనో అనొచ్చు. ఆ అప్పుతో నాకు సంబంధం లేదు, 1930కి ఫిర్యాదు చేస్తున్నానని చెప్పి పెట్టేయండి. ఫొటో వస్తే ఎవరికీ పంపకండి. తర్వాత ఆ మనిషికి ఫోన్ చేసి 'నీ వెనక మేమున్నాం' అని ముందు చెప్పండి, లెక్కలు తర్వాత అడగండి. 'ఇంత చదువుకుని ఇదేం పని' అన్న మాట నోట రానివ్వకండి. బతకాలని లేదన్న మాట ఆ గొంతులో వినిపిస్తే ఒంటరిగా వదలకండి, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ కలిపి ఇవ్వండి. అప్పు ఎంతదైనా వాయిదాల్లో తీరుతుంది. తీర్చే మనిషి బతికి ఉండాలి, తలెత్తుకుని బతకాలి. అందుకు చట్టం ఎంత అవసరమో, ఆ రోజు ఫోన్‌లో మనం పలికే మొదటి మాటా అంతే అవసరం.