నష్టపోయినవారికే సాయం

2024 ఫిబ్రవరిలో టెక్సాస్ పాన్‌హ్యాండిల్‌లో స్మోక్‌హౌస్ క్రీక్ కార్చిచ్చు 10 లక్షల ఎకరాలకు పైగా దహించింది. హెంఫిల్ కౌంటీతో పాటు ఆ ప్రాంతంలో వేలాది పశువులు చనిపోయాయి. ఇలాంటి విపత్తుల్లో అమెరికా వ్యవసాయ శాఖ పశువు సగటు మార్కెట్ ధరలో 75 శాతం పరిహారం ఇస్తుంది. మేత భూమి ఎవరిదని కాదు, పశువు ఎవరిదని చూస్తుంది. ఇదే న్యాయమని నేనంటాను.

మన ఊళ్లలో తుపానుకు పంట మునిగితే పెట్టుబడి రాయితీ తరచూ పట్టాదారు ఖాతాలో పడుతుంది. అప్పు కౌలు రైతుకు మిగులుతుంది. ఆ పట్టాదారుల్లో విదేశాల్లో ఉన్న మనమూ ఉన్నాం. ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం సాగుదారు హక్కు కార్డుకు యజమాని సంతకం కోరింది. 11 నెలల ఆ ఒప్పందంతో భూమి హక్కు పోదు. సంతకం చేద్దాం. మన ఖాతాలో పడిన సాయం సాగు చేసినవారిదే, వారికే చేర్చుదాం.